గంటస్తంభం చుట్టుపక్కల పాత ఇల్లు: షాపులకా, బిల్డర్‌కా, కంపెనీ లీజుకా, అమ్మకానికా?

విజయనగరంలో మూడు లాంతర్ల నుంచి కోట దాకా, గంటస్తంభం చుట్టూ, ఉల్లివీధి, అంబటి సత్రం వైపు నడిస్తే పెంకుటిల్లు, దాని పక్కన షట్టరు, దాని పక్కన నాలుగంతస్తుల అద్దాల భవనం వరసగా కనిపిస్తాయి. పెంకుటింటి వాళ్ళ దగ్గరికి నెలకొకరైనా బ్రోకర్ వస్తూనే ఉంటాడు. ఒకడు ఫిఫ్టీ-ఫిఫ్టీ (స్థలం మీది, కట్టడం బిల్డర్‌ది, ఫ్లాట్లు చెరిసగం) అంటాడు, ఇంకొకడు పెద్ద కంపెనీ షోరూమ్ అంటాడు, మరొకడు గజం ధర చెప్పి అడ్వాన్సు చేతిలో పెట్టబోతాడు. ఇంట్లో అన్నదమ్ములు తలో మాట అంటారు.

సొంతంగా కట్టుకోవడంతో కలిపి ఉన్న ఐదు దారుల్లో ఏది ఎవరికి సరిపోతుందో చెప్పేటప్పుడు పట్టుకోవాల్సిన కొస ఒకటే. పాత బజారులో ఆస్తి అంటే వీధికి ఆనుకున్న నేల అంతస్తు. పై అంతస్తులు ఎన్ని వేసినా దాని తర్వాతే. కొనడానికి వచ్చినవాడు మెట్లెక్కడానికి ఒప్పుకోడు. ఏ ప్రతిపాదన వచ్చినా ముందు అడగాల్సింది "నాకు ఎన్ని చదరపు అడుగులు వస్తాయి" అని కాదు, "వీధి మీద నేల అంతస్తు ఎవరి చేతిలో ఉంటుంది, ఎన్నాళ్ళు ఉంటుంది" అని.

ముందు కొలతలు, తర్వాత కాగితాలు

ఇక్కడి స్థలాలు బండ్ల కాలం నాటివి. వీధి ముఖం తక్కువ, లోతు ఎక్కువ. ఉదాహరణకు 20 అడుగుల ముఖం, 90 అడుగుల లోతు ఉన్న ఇల్లు తీసుకుందాం. 1,800 చదరపు అడుగులు, అంటే సరిగ్గా 200 గజాలు. దస్తావేజులో 200 గజాలు ఉన్నంత మాత్రాన కట్టుకోవడానికి 200 గజాలు దొరకవు.

మాస్టర్ ప్లాన్‌లో మీ వీధి ఎంత వెడల్పు చూపించారో కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్ విభాగంలో తెలుసుకోండి. వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీని అడిగినా దారి చూపిస్తారు. ఇప్పుడు 24 అడుగులున్న వీధిని 40 అడుగులుగా చూపించారనుకోండి, మధ్య గీత నుంచి కొలిస్తే మీ వైపు 8 అడుగులు పోతాయి. 20 అడుగుల ముఖం మీద 160 చదరపు అడుగులు, దాదాపు 18 గజాలు. పోయేది దొడ్డివైపు 18 గజాలు కాదు, వీధివైపు 18 గజాలు. రోడ్డుకు వదిలిన స్థలానికి బదులుగా టీడీఆర్ బాండు (వదిలిన స్థలానికి ఇచ్చే అదనపు కట్టడం హక్కు పత్రం) గానీ, సెట్‌బ్యాక్ (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ)లో సడలింపు గానీ అడగొచ్చు. అప్పటికి అమల్లో ఉన్న జీవో (ప్రభుత్వ ఉత్తర్వు) ప్రకారం ఎంత వస్తుందో రాతపూర్వకంగా తీసుకోకుండా ఆ స్థలాన్ని లెక్కలో వేసుకోవద్దు.

మిగిలిన 82 అడుగుల లోతులో ముందు ఖాళీ, వెనక ఖాళీ, పక్కల ఖాళీ పోవాలి. ఎంత పోతుందన్నది స్థలం విస్తీర్ణం, భవనం ఎత్తు, రోడ్డు వెడల్పు మూడింటి మీదా ఆధారపడుతుంది. అటూ ఇటూ మీటరు చొప్పున వదలాల్సి వస్తే 20 అడుగుల ముఖం కాస్తా పదమూడున్నర అడుగులకు దిగుతుంది. గోడల మందం తీస్తే లోపల పన్నెండు. అందులో నాలుగడుగుల మెట్లు రెండు వరసలు ముందుభాగంలో పెడితే షాపుకు మిగిలేది సందు. అందుకే ఇరుకు ముఖం ఉన్న స్థలాల్లో మెట్లను మధ్యకో వెనక్కో నెట్టి, ఒక పక్కనుంచి నాలుగడుగుల దారి ఇస్తారు. అప్పుడు కూడా షట్టరు వెడల్పు ఎనిమిదడుగులే. ఈ లెక్క ఎల్‌టీపీ (ప్లాన్లు గీసే లైసెన్సున్న ఇంజనీరు) చేత కాగితం మీద గీయించాక గానీ బ్రోకర్‌తో మాట్లాడకూడదు. రఫ్ ప్లాన్‌కు అయ్యే ఖర్చు ఈ వ్యవహారం మొత్తంలో అన్నిటికంటే చిన్నది.

ఇక కాగితాలు. కోట 1713 నాటిది, మున్సిపాలిటీ 1888లో వచ్చింది. పాత బజారులో చాలా స్థలాలు ప్లాను, సర్వే అనే మాటలు పుట్టకముందే చేతులు మారినవి. గ్రామకంఠం స్థలాలకు విడి సర్వే నంబరు ఉండదు, హద్దులే ఆధారం. "తూర్పు: ఫలానా వారి గోడ" అని రాసి ఉంటుంది, ఆ ఫలానా వారు మూడు తరాల క్రితం పోయి ఉంటారు. టౌన్ సర్వే రిజిస్టరులో మీ స్థలం ఎవరి పేరున, ఎంత కొలతతో ఉందో నకలు తీయించండి. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) 1983 నుంచే వస్తుంది. అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాల నుంచి తీయించాలి. సత్రాలకూ గుడులకూ ట్రస్టులకూ రాసిచ్చిన స్థలాలు ఈ ఊళ్ళో చాలానే ఉన్నాయి కాబట్టి 22ఎ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితా) తప్పనిసరిగా చూడాలి. మీ ఇల్లు మీదే అయినా, పక్క సత్రం స్థలంతో పాటు ఒకే నంబరు కింద జాబితాకెక్కిన సందర్భాల్లో ముందు ఆ చిక్కు విప్పుకోవాలి. ఒప్పందం చేసుకున్నాక బయటపడితే బిల్డర్ అడ్వాన్సు వెనక్కి అడుగుతాడు, అది అప్పటికే ఖర్చయి ఉంటుంది.

వారసుల్లో ఆడపిల్లల సంతకాలు మరిచిపోవడం ఇక్కడ మామూలుగా జరిగే తప్పు. "కట్నం ఇచ్చేశాం కదా" అన్నది చట్టం కాదు. 2005 సవరణ తర్వాత పిత్రార్జితంలో కూతురి వాటా కొడుకు వాటాతో సమానం. హక్కు వదులుకుంటే రిజిస్టర్డ్ రిలీజ్ డీడ్ ఉండాలి, నోటిమాట చాలదు.

దారి 1: ఉన్న ఇంటినే బాగుచేసి షాపులకు ఇవ్వడం

తక్కువ పెట్టుబడితో త్వరగా అద్దె మొదలయ్యే దారి. గోడలు గట్టిగా ఉండి, ముందు గది పది పన్నెండు అడుగుల లోతు ఉంటే మిగతా ఇల్లు కదపకుండానే ఒకటి రెండు షాపులు తీయొచ్చు. చాలామంది దీన్ని తాత్కాలికం అనుకుని తేలిగ్గా చేయించి, అక్కడే దెబ్బతింటారు.

పాత గోడ మట్టి అడుసుతోనో సున్నంతోనో కట్టిన అడుగున్నర మందం గోడ. పైకప్పు బరువంతా దాని మీదే ఉంది. ఎనిమిదడుగుల షట్టరు కోసం అందులో రంధ్రం చేయాలంటే ముందు పైన దూలాలకు జాకీలు పెట్టి, ఇనుప ఐ-బీమ్ గానీ కాంక్రీటు లింటెల్ గానీ కూర్చోబెట్టి, రెండు వైపులా కనీసం తొమ్మిది అంగుళాలు గోడ మీద ఆననిచ్చి, అప్పుడు కింద గోడ తీయాలి. మేస్త్రీ ముందు గోడ కొట్టేసి తర్వాత లింటెల్ పెడతానంటే ఒప్పుకోవద్దు. పక్కపక్కనే రెండు షట్టర్లు పెట్టేటప్పుడు మధ్యలో మిగిలే స్తంభాన్ని తొమ్మిది అంగుళాలకు చెక్కేస్తారు. వానాకాలం తడికి ముందు నలిగేది అదే. రెండడుగులైనా వదలండి, లేదా అక్కడ కాంక్రీటు పిల్లరు పోయించండి.

చెమ్మెక్కిన సున్నపు గోడకు సిమెంటు ప్లాస్టరు కొట్టిస్తే తేమ బయటికి పోయే దారి లేక పైకి ఎగబాకుతుంది. మూడడుగుల దగ్గరున్న చెమ్మ రెండేళ్ళలో ఐదడుగులకు చేరుతుంది. అద్దెదారు దాని మీద ప్లైవుడ్ కొట్టి దాచేస్తాడు, చెద అక్కడే పడుతుంది. సున్నం గారతోనే మళ్ళీ చేయించడం మేలు.

వీధి సిమెంటు రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పైకి లేచి, ఇంటి గచ్చు కిందికి పోయి ఉంటుంది. గచ్చు ఎత్తించకుండా షాపు ఇస్తే మొదటి తుపానుకే నీళ్ళు లోపలికొస్తాయి. ఎత్తించి, ర్యాంపును డ్రైను మీదికి పోస్తే కార్పొరేషన్ వాళ్ళు పూడికతీతకు వచ్చినప్పుడు పగలగొడతారు. డ్రైను మీద తీసి పెట్టుకునే ఇనుప జాలీయే సరైనది.

ఎవరికి ఇస్తున్నామన్నది అద్దె ఎంతన్నదంత ముఖ్యం. బిర్యానీ పాయింట్ ఎక్కువ అద్దె ఇస్తుంది, కానీ పొగ గొట్టం పైకప్పు దాటి పోవాలి, నూనె నీళ్ళకు గ్రీజు తొట్టి ఉండాలి, లేకపోతే సన్నటి వీధి డ్రైను నెలలో మూసుకుపోయి వీధంతా మీ మీద పడుతుంది. పెంకుల కింద కర్ర వాసాలుంటే బిర్యానీకి అసలు ఇవ్వొద్దు. మందుల షాపు మంచి అద్దెదారు. లైసెన్సుకు కనీసం 10 చదరపు మీటర్లు కావాలి, అంటే 10 అడుగులకు 11 అడుగుల గది చాలు. బరువు లేదు, తడి లేదు, మందుల కంపెనీల బోర్డు తప్ప పెద్దగా మార్పులు అడగరు. 2023లో ఊరికి ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చాక ల్యాబులు, స్కానింగ్ సెంటర్లు కూడా ఇలాంటి చోట్లు వెతుకుతున్నాయి. వాటికి త్రీఫేజ్ కరెంటు, జనరేటరు స్థలం, రోగి నడవడానికి మెట్లు లేని దారి కావాలి.

పాత మేడ ఇంటి పై అంతస్తును గోడౌనుకు ఇచ్చే ముందు ఒక్క లెక్క చూడండి. ఇంటి శ్లాబును చదరపు మీటరుకు సుమారు 200 కిలోల అదనపు బరువుకు లెక్కకడతారు. రిటైల్ షాపుకైతే 400, హోల్‌సేల్‌కు 600 కిలోలు. ఇప్పుడు మార్కెట్‌లో బియ్యం 26 కిలోల బస్తాల్లో వస్తోంది (25 దాటితే జీఎస్టీ ఉండదని). పది బస్తాలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే, బస్తా కింద దాదాపు పావు చదరపు మీటరే ఉంటుంది కాబట్టి చదరపు మీటరుకు సుమారు వెయ్యి కిలోలవుతుంది. శ్లాబు ఒక్కరోజులో కూలదు. మధ్యలో సన్నగా కుంగి, అడుగున వెంట్రుక పగుళ్ళు, ఆ పగుళ్ళలోంచి తుప్పు, నాలుగేళ్ళకు పెచ్చులు.

అద్దెకిచ్చాక ఇంటి పన్ను నివాసం నుంచి వాణిజ్యానికి మార్పించుకోండి. 2021 నుంచి పన్ను ఆస్తి విలువ మీద వేస్తున్నారు, రెండింటికీ రేట్లు వేరు. దాచిపెడితే వెనకటి బకాయి మీ మీద పడుతుంది గానీ అద్దెదారు మీద కాదు. కరెంటు మీటరు షాపుకొకటి విడిగా తీయించండి. మీటరు మీ పేరున ఉంటే బకాయి కూడా మీదే.

దారి 2: బిల్డర్‌కు డెవలప్‌మెంట్‌కు ఇవ్వడం

200 గజాల ఇరుకు స్థలం ఒక్కటే ఏ బిల్డరూ తీసుకోడు. కారణం కారే. స్టిల్ట్ (పార్కింగ్ కోసం పిల్లర్ల మీద వదిలే నేల అంతస్తు)లో రెండు కార్లు పక్కపక్కన పెట్టాలంటే 16 అడుగులు కావాలి, ఉన్నది పన్నెండు. ఒకదాని వెనక ఒకటి పెడితే వెనక కారు బయటికి రాదు. అందుకే పక్క రెండిళ్ళ వాళ్ళతో కలిసి రమ్మంటాడు. మూడిళ్ళు కలిస్తే 60 అడుగుల ముఖం, 600 గజాలు.

ఇక్కడో సంగతి. 600 గజాలంటే 501 చదరపు మీటర్ల పైచిలుకు. స్థలం 500 చదరపు మీటర్లు దాటి, ఫ్లాట్లు ఎనిమిది దాటితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నమోదు తప్పదు. "రోడ్డుకు పోయింది తీసేస్తే 500 లోపే, రెరా అక్కర్లేదు" అని బిల్డర్ అంటే అది మీకు మేలు చేసే మాట కాదు. రెరా ఉంటే కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతం విడి ఖాతాలో ఉండి ఆ భవనానికే ఖర్చవుతుంది, అప్పగించాక ఐదేళ్ళ దాకా కట్టడం లోపాలకు బిల్డరే జవాబుదారీ. పని మధ్యలో ఆగిపోయే ప్రమాదం దానివల్ల తగ్గుతుంది.

ఇప్పుడు అసలు లెక్క. అంకెలు ఉదాహరణకే, మీ వీధి అద్దెలు పెట్టుకుని మళ్ళీ వేసుకోండి. మూడిళ్ళ ముఖం మీద ఐదు షట్టర్లు ఉన్నాయనుకుందాం, ఒక్కోటి 12,000. నెలకు 60,000, ఇంటికి 20,000. స్టిల్ట్ మీద ఐదంతస్తులు, అంతస్తుకు మూడు ఫ్లాట్లు, మొత్తం 15. సగం వాటాకు ఏడున్నర, ఇంటికి రెండున్నర. ఫ్లాటు అద్దె 9,000 అయితే ఇంటికి 22,500. పెరిగింది 2,500. కూల్చి, కట్టి, అప్పగించేసరికి 30 నెలలు పడితే ఆ కాలంలో పోయిన షాపు అద్దె 6 లక్షలు. నెలకు 2,500 చొప్పున అది పూడడానికి 240 నెలలు, ఇరవై ఏళ్ళు. ఈలోగా షాపు అద్దె పెరుగుతుంది, ఫ్లాటు పాతబడుతుంది.

అంటే బిల్డర్ దారి తప్పని కాదు. అది అద్దె కోసం ఎంచుకునే దారి కాదు. ముగ్గురు అన్నదమ్ములకూ ఇద్దరు అక్కచెల్లెళ్ళకూ 20 అడుగుల ఇంటిని పంచడం కుదరదు. ఫ్లాట్లను పంచొచ్చు, ఒకరు ఉండొచ్చు, ఒకరు అమ్ముకోవచ్చు. విశాఖలోనో హైదరాబాద్‌లోనో స్థిరపడి ఊళ్ళో ఇల్లు చూసుకునేవాళ్ళు లేని కుటుంబానికి ఇదే మర్యాదైన పరిష్కారం కావచ్చు. షాపు అద్దెల మీద బతికే ఇంటికి మాత్రం కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది.

మధ్యేమార్గం ఒకటుంది. ముందు 15 అడుగుల లోతు షాపులు, వెనక పార్కింగ్, పైన ఫ్లాట్లు. కారు వెళ్ళడానికి ఒక పక్క పది పన్నెండు అడుగుల దారి పోతుంది, 60 అడుగుల ముఖం మీద అది భరించదగ్గదే. వాణిజ్యం కలిస్తే పార్కింగ్ ఎక్కువ చూపించాలి, అందుకే బిల్డర్ వద్దంటాడు. మీరు పట్టుబట్టాల్సింది ఇక్కడే. వాటా 50 నుంచి 45కి తగ్గినా సరే, నేల అంతస్తు షాపులన్నీ స్థలదారులకే రాయించుకుంటే ఆ బేరం మంచిది.

ఒప్పందంలో ఇవి లేకపోతే సంతకం పెట్టొద్దు. ఎవరి ఫ్లాటు ఏ అంతస్తులో, ఏ మూల అన్నది ప్లాను మీద గుర్తు పెట్టి అనుబంధ పత్రం రాయాలి. "వాటా సగం" అని వదిలేస్తే చివరికి తూర్పు ముఖం ఫ్లాట్లన్నీ బిల్డర్‌వి, లిఫ్టు మోటారు పక్కవి మీవి. జీపీఏ (మీ తరఫున అమ్మే అధికార పత్రం) బిల్డర్ వాటాకు మాత్రమే ఇవ్వాలి, అదీ విడతలుగా. శ్లాబులు పూర్తయితే కొంత, అప్పగింత నాటికి మిగతాది. అనుమతి కోసం కార్పొరేషన్‌కు ఏమైనా తనఖా పెట్టాల్సి వస్తే అది బిల్డర్ వాటాలోంచే పోవాలి. గడువు దాటితే నెలనెలా ఇచ్చే పరిహారం ఇంత అని అంకె ఉండాలి, మీ పాత షాపు అద్దెకు తగ్గకుండా. "తగిన పరిహారం" అంటే ఏమీ లేనట్టే. పని జరిగే కాలంలో మీ ఇంటద్దె, అద్దెదారులను ఖాళీ చేయించే ఖర్చు ఎవరివో రాయాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనం వాడుకోవచ్చని కార్పొరేషన్ ఇచ్చే పత్రం) తెచ్చాకే అప్పగింత పూర్తయినట్టు. అది లేని భవనానికి పెద్ద షోరూములూ బ్యాంకులూ లీజుకు రావు.

పన్ను సంగతి క్లుప్తంగా. వ్యక్తులకు, ఉమ్మడి కుటుంబాలకు మూలధన లాభం పన్ను కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చిన ఏడాదిలోనే పడుతుంది. కానీ ఆ సర్టిఫికెట్ రాకముందే మీ వాటా ఫ్లాటును ఎవరికైనా అమ్మేస్తే ఈ వెసులుబాటు పోతుంది. అడ్వాన్సు నగదుగా కాకుండా బ్యాంకు ద్వారా తీసుకోండి, దాని మీద 10 శాతం టీడీఎస్ పట్టుకుంటారు.

పునాది తవ్వే వేళ జరిగే గొడవ ఇంకొకటి. పాతింటి గోడలు చాలాచోట్ల ఉమ్మడివి. మీవైపు ఐదారడుగుల గొయ్యి ఒకేసారి పొడవునా తీస్తే పక్కింటి మట్టి గోడ కిందనుంచి జారుతుంది. నాలుగడుగుల ముక్క తవ్వి, కట్టి, పక్క ముక్క వదిలి ఇంకోటి తవ్వాలి. జేసీబీతో ఒక్క పూటలో అవుతుందని కాంట్రాక్టర్ అంటాడు. పని మొదలుపెట్టే ముందు పక్కింటి లోపలి గోడల ఫొటోలు తేదీలతో తీసి, ఇద్దరూ సంతకాలు పెట్టుకుంటే తర్వాత "ఈ పగులు మీవల్లే" అన్న తగాదా ఉండదు. పైడితల్లమ్మ జాతరలో సిరిమాను తిరిగే వీధిలో ఇల్లుంటే దసరా తర్వాత మంగళవారానికి అటూ ఇటూ శ్లాబు పోత పెట్టుకోవద్దు. మిక్సర్ లారీ సంగతి సరే, ఇసుక బండి కూడా కదలదు.

దారి 3: సొంతంగా కట్టి అద్దెకివ్వడం

నేల అంతస్తు మీ చేతిలోనే ఉంటుంది, భవనమూ మీదే. భయమల్లా అప్పు. 200 గజాల స్థలంలో అంతస్తుకు 1,000 చదరపు అడుగులు దొరికి, రెండంతస్తులు కడితే 2,000. చదరపు అడుగుకు 2,000 రూపాయలు పెట్టుకుంటే 40 లక్షలు. అందులో 25 లక్షలు 10 శాతం వడ్డీకి పదేళ్ళ అప్పయితే ఈఎంఐ నెలకు 33,000 చిల్లర.

ఇక్కడ పాటించదగ్గ కట్టు ఒకటుంది: ఈఎంఐ నేల అంతస్తు అద్దెతోనే తీరాలి. పై అంతస్తు ఖాళీగా ఉంటుందనుకునే లెక్క వేయండి. ఈ వీధుల్లో మొదటి అంతస్తుకు కోచింగ్ సెంటర్, టైలరు, ట్రావెల్స్, క్లినిక్ తప్ప వేరేవాళ్ళు తొందరగా రారు, వచ్చినా కింది అద్దెలో సగం ఇస్తే గొప్ప. పై నాలుగంతస్తుల అద్దె చూపించి బ్యాంకు అప్పు ఇస్తుంది, కానీ బోర్డులు వేలాడుతూ ఖాళీగా ఉన్న పై అంతస్తులు ఊరంతా కనిపిస్తూనే ఉన్నాయి. ఒక అంతస్తు కట్టి, పిల్లర్లూ పునాదీ మూడింటికి వేసి, చువ్వలకు సిమెంటు పాలు పూసి మూసి పెట్టుకోవడం ఇరుకు చేతికి మేలు. పునాది వేసే ముందు మట్టి పరీక్ష చేయించండి. పెద్దచెరువు, అయ్యకోనేరు దరిదాపుల్లో పూడ్చిన నేల తగిలే అవకాశం ఉంది, పక్కింటి పునాది లోతు చూసి మీ లోతు నిర్ణయించకూడదు.

షట్టరు ఎత్తు పది అడుగుల కంటే తగ్గించొద్దు. ఇవాళ మొబైల్ షాపు అడిగేది, రేపు బట్టల షాపు అడిగేది కూడా పైన మెజనైన్ (మధ్య అటక) చెక్క వేసుకునే ఎత్తే. కప్పు పన్నెండున్నర అడుగుల్లో వేయిస్తే అదనపు ఖర్చు కొద్దిపాటి ఇటుక పని, అద్దెలో తేడా మాత్రం ఎప్పటికీ.

దారి 4: పెద్ద కంపెనీకి లాంగ్ లీజు

బంగారం షోరూములు, సూపర్ మార్కెట్లు, రెడీమేడ్ బ్రాండ్లు అడిగేది మూడు వేల అడుగులకు పైన, వెడల్పు ముఖంతో. 20 అడుగుల ఒంటి స్థలానికి ఇది రాదు, పక్కవాళ్ళతో కలిస్తేనే. లీజు తొమ్మిదేళ్ళు, పన్నెండేళ్ళు అంటారు. వినడానికి భరోసాగా ఉంటుంది, కానీ లాకిన్ (ముందే ఖాళీ చేయకూడదన్న గడువు) చదవండి. కంపెనీ మూడేళ్ళ తర్వాత ఎప్పుడైనా వెళ్ళిపోవచ్చు, మీరు మాత్రం పన్నెండేళ్ళు ఖాళీ చేయించలేరు. కట్టుబాటంతా ఒక్కవైపే. కనీసం ఐదేళ్ళ లాకిన్ అడగండి, ముందే వెళితే మిగిలిన నెలల అద్దె కట్టాలని రాయించండి.

అద్దె పెంపు దగ్గర "మూడేళ్ళకోసారి 15 శాతం" అంటారు. ఏడాదికి 5 శాతం అన్నా అంతే కదా అనిపిస్తుంది. తొమ్మిదేళ్ళకు కూడితే ఏటా 5 శాతం పద్ధతిలో మొదటి ఏటి అద్దె ప్రకారం ఏడు నెలల అద్దె ఎక్కువొస్తుంది. ఆ ఏడు నెలలు మాటల్లోనే పోగొట్టుకోవద్దు.

ఏడాదికి మించిన లీజు రిజిస్టర్ చేయాల్సిందే. స్టాంపు ఖర్చుకు భయపడి నోటరీ కాగితం మీద తొమ్మిదేళ్ళు రాసుకుంటే కోర్టులో ఆ తొమ్మిదేళ్ళు నిలవవు, నెలవారీ అద్దెగానే చూస్తారు. లాకిన్ కూడా దాంతోపాటే పోతుంది. అద్దె "జీఎస్టీ కాకుండా" అని రాయించండి. మీకు జీఎస్టీ నమోదు లేకపోయినా, 2024 అక్టోబరు 10 నుంచి నమోదున్న అద్దెదారు (టర్నోవరు మీద తక్కువ రేటు కట్టే కాంపోజిషన్ వాళ్ళు తప్ప) ఆ 18 శాతం తానే నేరుగా కట్టాలి. టెర్రస్ మీద జనరేటరు, శ్లాబు కోసి లిఫ్టు, ముఖమంతా బోర్డు, వెళ్ళేటప్పుడు మళ్ళీ పూర్వస్థితికి తేవడం, ఇవన్నీ మాట్లాడాల్సింది సంతకానికి ముందు. ఖాళీ చేసిన షోరూములో మిగిలేది పగిలిన టైల్సూ, కోసిన శ్లాబూ.

దారి 5: అమ్మేయడం

వారసులు ఎక్కువై, ఊళ్ళో ఎవరూ లేక, కాగితాలు శుభ్రంగా ఉంటే ఇది చిన్నతనమేమీ కాదు. అందరికంటే ఎక్కువ ధర ఇవ్వగలిగేది పక్కింటివాడు. మీ 20 అడుగులు అతని 20 అడుగులతో కలిస్తే 40 అవుతుంది, పార్కింగ్ కుదురుతుంది, షట్టర్లు వెడల్పవుతాయి. మీ గజం ఇతరులకంటే అతనికి ఎక్కువ విలువ. బ్రోకర్‌కు చెప్పే ముందు అతని తలుపు తట్టండి.

పిత్రార్జితమైతే 2001 ఏప్రిల్ 1 నాటి ప్రభుత్వ మార్కెట్ విలువ ధ్రువపత్రం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీసుకోండి, లాభం లెక్క దాని మీదే మొదలవుతుంది. 2024 జూలై 23కు ముందు వచ్చిన ఆస్తికి ఇండెక్సేషన్ (ధరల పెరుగుదల మేరకు పాత విలువను పెంచి చూసే లెక్క) లేకుండా 12.5 శాతం, ఇండెక్సేషన్‌తో 20 శాతం, రెండూ వేయించి ఏది తక్కువైతే అది కట్టొచ్చు. రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం మామూలుగా కొనేవాడిదే. అందుకే "కాగితం మీద తక్కువ చూపిద్దాం, మిగతాది నగదు" అని అతను అడుగుతాడు. స్థిరాస్తి అమ్మకంలో 20,000 లేదా అంతకు మించి నగదు తీసుకుంటే అంత మొత్తమూ జరిమానా పడొచ్చు, అదీ తీసుకున్నవాడి మీద.

పాత అద్దెదారు ఉన్నప్పుడు

ఇంట్లో ముప్ఫై ఏళ్ళుగా ఇత్తడి సామాన్ల కొట్టో కిరాణమో ఉంటే పై ఐదింటిలో ఏదీ మొదలుకాదు. అతను గుడ్‌విల్ (ఖాళీ చేయడానికి సొమ్ము) అడుగుతాడు. చట్టంలో ఉన్నా లేకపోయినా బజారులో ఆ మాటకు బరువుంది, కోర్టుకెళితే ఏళ్ళు పడుతుంది. డబ్బుకు బదులు కొత్త భవనంలో అదే వీధి ముఖం మీద చిన్న షట్టరు, మొదటి మూడేళ్ళు నిర్ణయించిన అద్దెకు ఇస్తామని రాసిస్తే చాలామంది కదులుతారు. అతను ఖాళీ చేసేది పని మొదలయ్యే వారంలో ఉండాలి. ప్లాను అనుమతి రాకముందే ఖాళీ చేయించి ఏడాదిపాటు తాళం వేసుకున్న షట్టర్లు ఈ వీధుల్లో చూస్తూనే ఉన్నాం.

అద్దెదారు వైపు నుంచి చూసినా ఇదే లెక్క. రింగ్ రోడ్డు వైపు పార్కింగ్ ఉన్న కొత్త షాపు హోల్‌సేల్‌కు, ఫర్నిచర్‌కు, సానిటరీకి మంచిది. లారీ నేరుగా వస్తుంది, బరువైన సరుకు కొనేవాడు కారులోనే వస్తాడు. పసుపు కుంకుమలు, గాజులు, పెళ్ళి బట్టలు, పూజాసామాన్లు అమ్మేవాడు మాత్రం గుడి దారి వదిలి పోకూడదు. అతని కొనుగోలుదారు నడుచుకుంటూ వచ్చేవాడు, నాలుగు షాపులు తిరిగి బేరమాడేవాడు. పక్క షాపు పోటీ కాదు, అదే జనాన్ని లాక్కొస్తుంది. కొత్త చోట ఒక్కడే ఉంటే పోటీ ఉండదు, జనమూ ఉండరు.